మూడు పిక్కల ప్రశ్న

మా పెద్ద మేడమ్ పోయారు. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఫోటోకి దండ వేశారు, నేను వెళ్ళి దణ్ణం పెట్టుకుని, అందరితోపాటు కూర్చుని భోజనం చేసి వచ్చాను. అయినా నా మనసు మాత్రం మొండికేసుకుని కూర్చునే ఉంది.

ఆ శనివారం పొద్దున ఫోన్ వచ్చేసరికి నేను మచిలీపట్నంలో మా నర్సింగ్ కాలేజీ ప్రాక్టికల్ రూములో ఉన్నాను. పేషెంటు మంచం మీద ఉండగానే దుప్పటి ఎలా మార్చాలో మొదటి సంవత్సరం పిల్లలకి చూపిస్తున్నాను. గుడివాడ నుంచి మేడమ్ తమ్ముడుగారు చేశారు.

"అమ్మా, అక్క లేదమ్మా" అన్నారు.

"ఏ అక్కండీ?" అన్నాను.

నిజంగా అలాగే అడిగాను. ఆయనకి ఉన్నది ఒక్క అక్కే అని నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం ఆవిణ్ణి గుడివాడ బస్సెక్కించింది కూడా నేనే. "సోమవారం పొద్దున్నే వచ్చేస్తానే. ఆ ప్రశ్నలు ఎవరికీ చూపించకు" అని కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళారు. సోమవారం వస్తానన్న మనిషి శనివారం ఎలా పోతుంది? ఆయన ఫోన్లో ఏడుస్తున్నారు. మంచం మీద పేషెంటులా పడుకున్న పిల్ల లేచి కూర్చుని "ఏమైంది మేడమ్?" అంటోంది. చేతిలో దుప్పటి అంచు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

నేనూ, నా తోటి టీచరూ, ఈ మధ్యనే చేరిన ఇంకో టీచరమ్మాయీ దొరికిన బస్సెక్కేశాం. పెడన దాటాక నేను తమ్ముడుగారి మీద కోప్పడడం మొదలుపెట్టాను. సరిగ్గా చూసి ఉండరు, నాడి అందకపోతే అంతేననుకుని ఉంటారు, వీళ్ళకేం తెలుసు అని. నాకు కోపం ముందొస్తుంది, ఏడుపు తర్వాత వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

గుడివాడలో ఇంటి ముందు షామియానా చూశాక కోపం దిగిపోయింది. మేడమ్‌ని వరండాలో పడుకోబెట్టారు. కాలేజీకి కట్టుకొచ్చే నేత చీరే కట్టి ఉంది. తమ్ముడుగారు మా ముగ్గుర్నీ పక్కకి పిలిచి, తప్పు చేసినవాడిలా చెప్పుకొచ్చారు.

"పొద్దున్నే లేచి, గ్యాస్ పట్టేసినట్టుందిరా అంది. సోడా తెచ్చిచ్చాను. దవడ లాగుతోంది, నిన్నట్నుంచీ పన్ను బాగోలేదంది. చెమటలు పట్టాయి. ఉక్కపోతేమో అని ఫ్యాను పెంచాను. గుండెల్లో నొప్పి అనలేదమ్మా. ఒక్కసారి కూడా అనలేదు. అంటే నేను ఊరుకునేవాణ్ణా? ఆటో ఎక్కించేసరికే..."

నా తోటి టీచరు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన చెప్పినవన్నీ ఆ వారంలోనే మేం చదివాం. గ్యాస్, దవడ, చెమట, గుండెనొప్పి లేకపోవడం, అన్నీ అదే వరసలో. అవి మేడమ్ తన చేత్తో రాసిన ఒక పరీక్ష ప్రశ్నలో ఉన్నాయి.

ఆ ప్రశ్న సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. మా నాన్న చేపల వ్యాపారం చేసేవాడు. నర్సింగ్ చదవడానికి బందరు వచ్చేనాటికి నాకున్న ఆస్తి ఒక్కటే, జ్ఞాపకశక్తి. పేజీ చూపిస్తే పేజీ అప్పజెప్పేదాన్ని. ఇంగ్లీషు అర్థం కాకపోయినా కామాలతో సహా కంఠతా వచ్చేది. స్కూల్లో ఎప్పుడూ ఫస్టే. ఇక్కడా అంతే అనుకుని కాలర్ ఎగరేసుకుని వచ్చాను.

మేడమ్ పెట్టిన మొదటి పరీక్షలోనే బోల్తా పడ్డాను. ఆవిడ అడిగింది ఇదీ. విరేచనాలతో ఉన్న పసివాడు పొద్దున గుక్కపట్టి ఏడుస్తున్నాడు. సాయంత్రానికి ఏడుపు మానేసి మత్తుగా పడుకున్నాడు. నెమ్మదించిందని వాళ్ళమ్మ సంతోషిస్తోంది. నువ్వేమంటావు? నేను ఒంట్లో నీరు తగ్గితే కనపడే లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు రాసి, చివర్న తల్లి చెప్పింది నిజమే, పిల్లవాడు కోలుకుంటున్నాడు అని ముగించాను.

మేడమ్ నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. కాగితం నా ముందు పెట్టి, "పుస్తకం చాలా బాగా రాసింది. నువ్వింకా రాయలేదు" అన్నారు.

"అన్ని పాయింట్లూ ఉన్నాయి కదా మేడమ్" అన్నాను మొండిగా.

"ఉన్నాయి. ఏడిచే ఓపిక కూడా లేకపోవడం అందులో ఉందో లేదో చూడు. లక్షణాలన్నీ రాసి పిల్లాణ్ణి చంపేశావు కదే అమ్మాయ్."

అరిచి ఉంటే నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. ఆవిడ అరవలేదు. డబ్బాలో మజ్జిగ సగం గ్లాసులో పోసి నా వైపు జరిపారు. నేను అది తాగి, హాస్టలుకి వెళ్ళి, ఆ పిల్లాడి కోసం ఏడిచాను. లేని పిల్లాడు! కాగితం మీది పిల్లాడు! ఈరోజుకీ వార్డులో ఏ పసివాడైనా ఏడుపు ఆపితే నా కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. ఆ పరీక్షలో నాకొచ్చిన మార్కులు చెప్పుకోదగ్గవి కావు, కానీ ఆ ప్రశ్న వల్ల ఎంతమంది పిల్లలు బతికారో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత నేనూ అదే కాలేజీలో టీచరుగా చేరాను. కాన్పుల పాఠం నాది. మేడమ్ అప్పటికి వైస్ ప్రిన్సిపాల్, కాలేజీలో ఏ ప్రశ్నపత్రమైనా ఆవిడ చేతుల మీదుగా వెళ్ళాల్సిందే. బయటివాళ్ళకి వింతగా ఉండొచ్చు గానీ, ప్రశ్న తయారు చేయడం కన్నా దాన్ని తూకం వేయడం పెద్ద పని. ఈ ప్రశ్నకి జవాబు రాయాలంటే పిల్ల బుర్ర ఎంతవరకు పని చేయాలి? గుర్తుంటే చాలా, అర్థం కావాలా, ఆలోచించాలా? దీనికి పెద్ద పెద్ద పుస్తకాలున్నాయి, పట్టికలున్నాయి. మేడమ్ అవన్నీ చదివారు. చదివి, పక్కన పెట్టి, ఒక సీసా నిండా చింతపిక్కలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

పద్ధతి ఇది. టీచర్లందరం బల్ల చుట్టూ కూర్చుంటాం. ప్రతి ఒక్కరి ముందు ఒక స్టీలు గ్లాసు. మేడమ్ ప్రశ్నని ముందు ఇంగ్లీషులో చదువుతారు, తర్వాత తెలుగులో, బస్సులో పక్క సీటావిడకి చెప్పినట్టు చెప్తారు. గుర్తుంటే చాలనుకుంటే ఒక పిక్క. అర్థం కావాలనుకుంటే రెండు. అర్థమైనదాన్ని తీసుకెళ్ళి ఎదురుగా మంచం మీదున్న మనిషికి వాడగలగాలనుకుంటే మూడు. ఎవరి పిక్కలు వాళ్ళు గ్లాసు బోర్లించి దాని కింద దాచాలి. మొహాలు చూసుకోకూడదు, గొణుక్కోకూడదు. మేడమ్ "ఊఁ" అనగానే అందరం ఒక్కసారి గ్లాసులెత్తాలి. పిక్కలు కలిస్తే ప్రశ్న పేపర్లోకి వెళ్తుంది. కలవకపోతే వాదన. ఆ వాదనలో స్నేహాలు కూడా చెడేవి. నేనైతే ఒకసారి టీ మానేసి లేచిపోయాను.

"మనకే మూడు రకాలుగా అర్థమైన ప్రశ్న, పిల్లలకెన్ని రకాలుగా అర్థమవుతుందో!" అనేవారు మేడమ్. "తప్పు మీది కాదు, ప్రశ్నది. ఇటివ్వండి." అని అప్పటికప్పుడు కొట్టేసి మళ్ళీ రాసేవారు. ఎంత కష్టపడి రాసిన ప్రశ్ననైనా పక్కన పెట్టడానికి వెనకాడేవారు కాదు. ప్రతి ప్రశ్ననీ చివరికి ఒకటే అడిగేవారు. "దీనికి జవాబు తెలిస్తే ఎవరు బతుకుతారు?" ఎవరి పేరూ చెప్పలేకపోతే ఆ ప్రశ్నకి నూకలు చెల్లినట్టే.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బందరులో రెండు గదుల వాటాలో ఉండేవారు, సెలవొస్తే గుడివాడ తమ్ముడింటికి వెళ్ళేవారు. చనువు కొద్దీ ఒకసారి ఎందుకు చేసుకోలేదని అడిగేశాను. "చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ ఒక పిక్క ప్రశ్నలే అడిగారే. పేరేంటి, వంటొచ్చా, పాటొచ్చా. ఆలోచించాల్సిన ప్రశ్న ఒక్కడు అడిగినా చేసుకుని ఉండేదాన్ని" అన్నారు. షుగరు ఉంది కాబట్టి ఎవరు లడ్డూ పెట్టినా సగం విరిచి పక్కవాళ్ళ చేతిలో పెట్టి, మిగిలిన సగం కళ్ళు మూసుకుని తినేవారు. ఆ సగానికి ఆ రోజు అన్నం తగ్గించేవారు. లెక్క తప్పని మనిషి అని నేను చెప్పుకునేదాన్ని.

తప్పిన లెక్క కూడా ఒకటి ఉంది, దాన్నీ ఆవిడే బయటపెట్టారు. ఒక ఏడాది ఆవిడ పురుగుమందు కొట్టే రైతుకూలీ గురించి ఒక ప్రశ్న రాశారు. పొలంలో పడిపోయాడు, నోట్లోంచి చొంగ, కళ్ళల్లో పాపలు సూదిమొనంత అయిపోయాయి, ఒంటి మీద చొక్కా తడిగా ఉంది, ఏం చేస్తావు? అందరం ఎదురు మాట లేకుండా మూడు పిక్కలు పెట్టాం. పరీక్ష అయింది. పిల్లలందరూ దంచేశారు. చొక్కా విప్పి ఒళ్ళు కడగడం దగ్గర్నుంచి ఒక్కటీ వదల్లేదు. మేం ఎగిరి గంతేశాం. మేడమ్ మాత్రం పేపర్లు తిరగేస్తూ మొహం ముడుచుకున్నారు. "ఇంతమందికి ఒకేసారి జ్ఞానోదయం ఎట్లా అయిందబ్బా?" అని పిల్లల్ని పిలిపించారు.

అప్పుడు తెలిసింది. ఆ బ్యాచి పిల్లలు అవనిగడ్డ వైపు పల్లెల్లో పోస్టింగుకి వెళ్ళినప్పుడు అచ్చం అలాంటి మనిషినే వాళ్ళ కళ్ళ ముందే ఆసుపత్రికి తెచ్చారట. అక్కడి డాక్టరుగారు పిల్లల్ని చుట్టూ నిలబెట్టి మొత్తం వివరించారట. వాళ్ళు ఆలోచించలేదు, చూసింది గుర్తు తెచ్చుకున్నారు, అంతే. మేడమ్ పిల్లల మార్కులు ముట్టుకోలేదు. కానీ మమ్మల్నందర్నీ మళ్ళీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, తన గ్లాసు దగ్గర మూడు పిక్కలు పెట్టి, అందులోంచి రెండు తీసి సీసాలో పడేశారు.

"ప్రశ్న బరువు కాగితం మీద ఉండదర్రా. రాసే పిల్ల బుర్రలో ఉంటుంది. పోయినేటి మూడు పిక్కల ప్రశ్న ఈ ఏడు ఒక పిక్క కావచ్చు. ఏ పిల్లలు, ఏం చూసొచ్చారు, అది కనుక్కోకుండా గ్లాసు ముట్టుకోకండి."

నేను విన్న పాఠాలన్నిట్లోకీ అదే పెద్దది. ఇంత తొందరగా, ఇంత ఘోరంగా దాంతో పని పడుతుందని మాత్రం అనుకోలేదు.

మా కరస్పాండెంట్ గారు చెడ్డవారు కాదు. చల్లపల్లిలో బియ్యం వ్యాపారం చేసి, పైకొచ్చి, ఈ కాలేజీ పెట్టారు. దేనికైనా దిగుబడి కనపడాలి ఆయనకి. మా పరీక్షల్లో మార్కులు తక్కువొస్తున్నాయని తల్లిదండ్రులు వచ్చి అడుగుతుంటే ఆయనకి నిద్ర పట్టలేదు.

"మేడమ్ గారూ, నిర్వచించండి, పేర్కొనండి అని అడిగితే మన పిల్లలూ హాయిగా రాస్తారు కదండీ. వీళ్ళని డాక్టర్లని చేయక్కర్లేదు కదా."

"డాక్టరుగారు రౌండ్సుకొచ్చి వెళ్ళిపోతారండీ. తర్వాత మంచం పక్కన మిగిలేది వీళ్ళే."

"ఒప్పుకుంటానండీ. కానీ పిల్లలు చేతులెత్తేస్తే?"

మేడమ్ ఒక ఒప్పందం పెట్టారు. "ఈసారి చివరి సంవత్సరం వాళ్ళ ప్రీఫైనల్ పూర్తిగా నా పద్ధతిలో పెట్టనివ్వండి. పిల్లలు చేతులెత్తేస్తే వచ్చే ఏడు నుంచి మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి. నేను అడ్డం రాను." ఆయన సరే అన్నారు. ఆ పేపరు మీద ఆవిడ పాతికేళ్ళ పైబడిన పద్ధతి మొత్తం నిలబడి ఉంది. నెగ్గితే ఉంటుంది, లేకపోతే చిలక పలుకులే మిగుల్తాయి.

ఆ పేపరు కోసం ఆవిడ రాసిన చివరి పెద్ద ప్రశ్న గురించే నేను మొదట చెప్పింది. యాభై దాటిన స్త్రీ. షుగరు ఉంది. గ్యాస్ మాత్ర ఇమ్మని నర్సుని అడుగుతోంది. దవడ లాగుతోందంటోంది. చెమటలు. గుండెల్లో నొప్పి లేదు. నర్సుగా నువ్వేం చేస్తావు? షుగరున్న ఆడవాళ్ళకి గుండెపోటు గుండెనొప్పిలా రాకపోవచ్చు, కడుపుబ్బరంలా, పంటినొప్పిలా మారువేషంలో రావచ్చు. గ్యాస్ మాత్ర ఇవ్వడం కాదు, కదలనివ్వకుండా కూర్చోబెట్టి డాక్టర్ని పిలవాలి, ఇసిజి తీయాలి. ఆ బుధవారం అందరం గ్లాసులెత్తాం. అందరివీ మూడు పిక్కలే. "ఎవరు బతుకుతారో చెప్పక్కర్లేదుగా" అన్నారు మేడమ్ తృప్తిగా.

శుక్రవారం మధ్యాహ్నం అదే బల్ల దగ్గర దవడ రుద్దుకుంటూ కూర్చున్నారు. "ఏమైంది మేడమ్?" అంటే "పన్నేమోనే" అన్నారు. లవంగం పెట్టుకోమని నా తోటి టీచరు చెప్పింది. గుడివాడలో మంచి పళ్ళ డాక్టరున్నాడని కొత్తమ్మాయి చెప్పింది. ఉప్పునీళ్ళు పుక్కిలించమని నేను చెప్పాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం అందరం నర్సులం! మూడు పిక్కలు పెట్టినవాళ్ళం! దీపం కింద చీకటి అంటే విన్నాను గానీ ఇంత చీకటి ఉంటుందనుకోలేదు. కాగితం మీద కనపడింది కుర్చీలో కనపడలేదు. రాసిన మనిషికే కనపడలేదు. ఇప్పటికీ ఇది తలుచుకుంటే ఎవరి మీద కోప్పడాలో తెలియదు.

పెద్దకర్మ అయిన వారంలోనే ప్రీఫైనల్ పేపరు ఖాయం చేయాల్సి వచ్చింది. ఆవిడ కుర్చీ వదిలేసి చుట్టూ కూర్చున్నాం. కరస్పాండెంట్ గారు కూడా వచ్చారు. ఆ చివరి ప్రశ్నని మొదటి ప్రశ్నగా పెడదామని, పైన నల్ల గీత గీసి మేడమ్ గారి జ్ఞాపకార్థం అని వేద్దామని ఆయనే అన్నారు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి ఆయనకి. నా తోటి టీచరు అప్పటికే వెక్కుతోంది. అందరూ సరే అంటున్నారు. నేను కూడా సరే అనబోయాను.

కానీ గ్లాసు ముట్టుకునే ముందు కనుక్కోవాలి కదా. నేను లేచి వరండాలోకి వెళ్ళాను. మొదటి సంవత్సరం పిల్ల ఒకతి బకెట్టు పట్టుకుని వెళ్తోంది. గుండె పాఠం వాళ్ళకి ఇంకా మొదలే కాలేదు.

"ఇదిగో అమ్మాయ్, షుగరున్న పెద్దావిడ. గ్యాస్ అంటోంది, దవడ లాగుతోందంటోంది, చెమటలు. ఏమై ఉంటుంది?"

"హార్ట్ ఎటాక్ మేడమ్" అంది ఆ పిల్ల వెంటనే. తర్వాత గొంతు తగ్గించి, "పెద్ద మేడమ్‌కి అలాగే వచ్చింది కదండీ" అంది.

తిరిగొచ్చి గ్లాసులు పెట్టమన్నాను. ఆ పిల్ల చెప్పింది చెప్పాను. గ్లాసులెత్తాక చూస్తే ప్రతి గ్లాసు కిందా ఒక్కటే పిక్క.

"ఈ ప్రశ్న తీసేద్దాం" అన్నాను.

"నీకు మనసెట్లా వచ్చిందే?" అని నా తోటి టీచరు నా మీద విరుచుకుపడింది. "ఆవిడ చేత్తో రాసిన ఆఖరిది!"

"తీసేస్తే మీకే నష్టం మేడమ్" అన్నారు కరస్పాండెంట్ గారు నెమ్మదిగా. "ఈ ప్రశ్న ఉంటే పిల్లలందరూ రాస్తారు. మార్కులు వస్తాయి. పెద్ద మేడమ్ గారి పద్ధతి నెగ్గుతుంది. నేను ఆవిడకిచ్చిన మాట మాటే, మర్చిపోకండి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ పద్ధతి నిలబడాలంటే ఆవిడ చావుని పేపర్లో పెట్టుకుంటే చాలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "అలా నెగ్గితే అది ఆవిడ పద్ధతి కాదండీ" అన్నాను. "పిల్లలకి ఇది వచ్చేసింది. ఇక ఈ కాలేజీలో చదివిన ఏ పిల్లా దవడ నొప్పిని పంటినొప్పి అనుకోదు. చచ్చేదాకా మర్చిపోరు. వచ్చినదాన్నే మళ్ళీ అడిగితే మేడమ్ ఊరుకుంటారా?" చచ్చిపోయి పాఠం చెప్పే గతి ఏ టీచరుకీ పట్టకూడదు. ఆవిడకి పట్టింది. ఆ పాఠానికి మళ్ళీ మార్కులు వేయడం నా వల్ల కాలేదు.

కరస్పాండెంట్ గారు నుదురు రుద్దుకుని "మీ ఇష్టం" అన్నారు. ప్రశ్న తీసేశాం. నా తోటి టీచరు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

దాని స్థానంలో కొత్త ప్రశ్న నేను రాయాల్సి వచ్చింది. ఎన్నిసార్లు రాసి చింపానో. చివరికి నాకు తెలిసిన కాన్పుల గది నుంచే తీసుకున్నాను. కాన్పయి రెండు గంటలైన తల్లి. బీపీ బాగానే ఉంది. కింద పెట్టిన గుడ్డ కూడా రక్తంతో ఎక్కువ తడవలేదు. కానీ నాడి వేగం పెరుగుతూ ఉంది, దాహమంటోంది, కాసేపు కుదురుగా పడుకోవడం లేదు. అలిసిపోయింది, పడుకోనివ్వండి అని చుట్టాలంటున్నారు. నువ్వు ముందుగా చేసే పని ఏమిటి, ఎందుకు? చదివేవాళ్ళలో నర్సులు కానివారు ఉంటారు కాబట్టి జవాబు చెప్పేస్తాను. ముందు పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. కాన్పు తర్వాత గర్భసంచి గట్టిగా ఉండాలి. మెత్తగా ఉంటే, పైకి కనపడకపోయినా లోపల రక్తం పోతోందని అర్థం. ఆ క్షణం నుంచే చేత్తో రుద్దుతూ, కేక వేసి సాయం పిలవాలి. ఇది ఆ పిల్లలు వార్డులో చూసింది కాదు, నేను ఈ రూపంలో చెప్పిందీ కాదు. ముందే కనుక్కున్నాను.

పరీక్ష రోజు హాల్లో నేనూ కొత్త టీచరమ్మాయీ ఉన్నాం. కరస్పాండెంట్ గారు గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పేపర్లు పంచాం. మామూలుగా పేపరు చేతికందగానే పెన్నులు పరిగెడతాయి. ఈసారి కదల్లేదు. పిల్లలు చదివారు, మళ్ళీ చదివారు, ఒకరి తర్వాత ఒకరు తలెత్తారు. ఎవరూ రాయడం లేదు. కరస్పాండెంట్ గారు నా వైపు చూశారు. ఆయన చూపులో ఎత్తిపొడుపు లేదు, జాలి ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది. చేతులెత్తేశారు, నేనే ఆవిడ పద్ధతిని ముంచేశాను అనుకున్నాను.

అప్పుడు కొత్త టీచరమ్మాయి నా చెవి దగ్గరకొచ్చి, "అక్కా, కిటికీ పక్క పిల్లని చూడండి. ఎడం చెయ్యి బల్ల కింద పెట్టింది. చీటీ ఉన్నట్టుంది" అంది.

నేతపని చేసుకునేవాళ్ళ పిల్ల, ఎప్పుడూ పెద్దగా నోరెత్తేది కాదు. నేను అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి వెనక నిలబడ్డాను. చీటీ లేదు. పెన్ను మూత తీసి కాగితం మీద పడేసి ఉంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. ఎడం అరచెయ్యి తెల్ల యూనిఫాం మీద, తన బొడ్డు కింద ఆనించి, మెల్లగా గుండ్రంగా తిప్పుతోంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. ఒకచోట చెయ్యి ఆగింది. మెత్తగా ఉందో, గట్టిగా ఉందో చూస్తున్నట్టు వేళ్ళు దగ్గరికి చేర్చి, ఇంకొంచెం లోతుగా నొక్కింది.